కిటికీ బయటి పాఠం

జూలై నెల రెండో సోమవారం సాయంత్రం ఐదూ ఇరవైకి నేనూ నా మనవరాలూ పెనుకొండ బస్టాండులో దిగాము. ట్యూషను ఐదు గంటలకే మొదలవుతుందని ముందే చెప్పి ఉన్నారు. ఇరవై నిమిషాల ఆలస్యానికి నేను దారిపొడుగునా కండక్టరును సాధించాను కాబట్టి ఆ వేళ నాకు మరపు రాదు.

మా ఊరు హిందూపురానికీ పెనుకొండకూ నడుమ, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఎకరంన్నర మల్బరీ తోట, పట్టు పురుగుల షెడ్డు, నాలుగు పాడి పశువులు మా జీవనం. మనవరాలు నా చిన్న కొడుకు కూతురు. అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. తొమ్మిదో తరగతి సైన్సులో వందకు పదకొండు తెచ్చుకుంది. ఆ మార్కులు చూసిన రోజు నా కొడుకు అరవలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, నాతో ఒకే మాట అన్నాడు.

"అర్ధ సంవత్సరం పరీక్ష దాకా చూస్తా మా. అప్పుడు గూడా సైన్సు తప్పితే ఇంక బడి చాలు. హిందూపురం గార్మెంట్సు బస్సు మన రోడ్డు మీదికే వస్తాది. ఎక్కిస్తా."

కోపంతో అన్న మాట కాదు. మా వీధిలో ముగ్గురు ఆడపిల్లలు ఆ బస్సు ఎక్కి బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పనికి వెళ్ళి వస్తున్నారు. వాడికి కళ్ళెదుట కనబడే దారి అది. మనవరాలికి మాత్రం పాలిటెక్నిక్‌లో చేరాలని ఉంది. ఆ సంగతి ఆమె నోరు తెరిచి చెప్పలేదు. మరునాడు పొద్దున కూర్చుని కొత్త పుస్తకాలన్నిటికీ అట్టలు వేసుకుంది, సైన్సు పుస్తకానికి కూడా. అది చూసి నేనే ట్యూషను మాట ఎత్తాను. చీకటి పడ్డాక పిల్ల ఒంటరిగా రాకూడదని కొడుకు పట్టుబట్టాడు. అందుకని వారానికి నాలుగు రోజులు తోడు వెళ్ళడం నా పని అయింది.

రంగుల అంగడి పైన ఒక గది. మేము మెట్లెక్కేసరికి పన్నెండు మంది పిల్లలు చాప మీద కూర్చుని ఉన్నారు. సారుకు ముప్పై దాటి ఉండవు. నేను ఆలస్యానికి సంజాయిషీ చెప్పబోయాను.

"కూర్చోండవ్వా, సరైన టైముకే వచ్చినారు" అని ఆయన నాకు స్టూలు వేశాడు.

ముందున్న బల్ల మీద రెండు థర్మామీటర్లు ఉన్నాయి. ఒకదాన్ని గొర్రెబొచ్చు కంబళి ముక్కలో చుట్టాడు. రెండోదాన్ని ఊరికే పక్కన పెట్టాడు.

"అర్ధగంట అయినాక ఏది ఎక్కువ చూపిస్తాది? చూడకముందే చెప్పాల. ఎందుకో గూడా చెప్పాల."

"కంబళిలో ఉండేదే సార్" అన్నారు అందరూ. ఒకడు లేచి, "మా తాత కంబళి కప్పుకోని ఉంటే దగ్గరికి పోలేము సార్, పొయ్యి ఉన్నెట్ల ఉంటాడు" అన్నాడు. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి, వాడి తాతను కూడా బోర్డు మీద రాశాడు.

మా పిల్ల దగ్గరికి వచ్చి ఆగాడు. ఆమె తల వంచుకుని చాప పోగులు పీకుతోంది. ఆయన తొందరపెట్టలేదు, దాటి పోనూ లేదు. ఊరికే నిలబడ్డాడు. పక్క పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. నాకే ఉక్కపోసింది. చివరికి ఆయన నావైపు తిరిగి, "అవ్వా, మీరు చెప్పండి" అన్నాడు.

"ఇంకేముంది, కంబళిదే" అన్నాను.

అర్ధగంట తర్వాత చూస్తే రెండూ ఇరవై తొమ్మిది దగ్గరే ఉన్నాయి. ఇందాకటి పిల్లవాడే, "సార్, మీ థర్మామీటరు చెడిపోయింది" అన్నాడు.

"అట్లనుకుంటే ఏం చెయ్యాల?"

"దాన్ని దీంట్లో, దీన్ని దాంట్లో పెట్టి చూడాల సార్."

అలాగే మార్చి పెట్టారు. మళ్ళీ రెండూ ఒకటే. "ఎందుకో రేపు చెప్పండి" అని ఆయన పంపేశాడు. కారణం చెప్పనే లేదు. బోర్డు మీద మా తప్పు సమాధానాలన్నీ తుడవకుండా అలాగే ఉంచాడు, నాది కూడా.

బస్సులో నాకు ఒళ్ళు మండింది. "ఇదేం చదువే? చెప్పించుకోను పోతే మనల్నే అడిగి పంపిస్తాడు" అన్నాను. మనవరాలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సోమందేపల్లి దాటాక నెమ్మదిగా అంది.

"అవ్వా, కంబళికి వేడి ఉండదేమో. మన ఒంట్లో వేడినే పోనీకుండా పట్టుకుంటాదేమో. థర్మామీటరుకు ఒళ్ళు లేదు కదా, ఇంక దేన్ని పట్టుకుంటాది?"

నేను ఆమె మొహం చూశాను. మార్కులు వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల అన్ని మాటలు కలిపి మాట్లాడడం అదే మొదటిసారి. మరునాడు క్లాసులో ఆ మాట తనే చెప్పలేక నా చేత చెప్పించాలని చూసింది. సారు ఒప్పుకోలేదు. "అవ్వ ఆలోచన అవ్వ చెప్తాది. నీది నువ్వు చెప్పు" అన్నాడు. చెప్పింది. ఆయన బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "నీకెట్ల తెలుసు?" అన్నాడు. అది ఆయన ఊతపదం. ఒప్పు చెప్పినా అదే, తప్పు చెప్పినా అదే. మొదట్లో నాకు చిరాకేసేది. ఒక నెల గడిచేసరికి ఇంట్లో కొడుకునూ కోడలినీ నేనే అలా అడగడం మొదలుపెట్టాను.

ఆయన పద్ధతులు కొన్ని రాయాలి.

ఏ పాఠమైనా రెండు గ్లాసులతో మొదలు. ఒకదాంట్లో ఒక్కటే మారుస్తాడు, రెండోదాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తాడు. ఉప్పు వేసిన నీళ్ళు, వేయని నీళ్ళు. ఎండలో గ్లాసు, నీడలో గ్లాసు. రెండు సంగతులు ఒకేసారి మార్చిన పిల్లవాణ్ణి మాత్రం వదలడు. "ఇప్పుడు ఏది చేసిందో ఎట్ల చెప్తావు?" అని మొత్తం మళ్ళీ చేయిస్తాడు. పిల్లలు ఆయనకు రెండు గ్లాసుల సారు అని పేరు పెట్టారు. మా పిల్ల ఒకరోజు ఇంట్లో ఆ మాట వాడితే నా కొడుకు అన్నం ముందు నుంచి లేచాడు.

"రెండు గ్లాసులేసుకోని చెప్తాడా పాఠం?"

"నీళ్ళ గ్లాసులు నాయనా!" అని పిల్ల నవ్వలేక చచ్చింది.

పుస్తకంలో వాక్యం అప్పజెప్తే ఆయనకు చెవులు వినపడవు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమన్నావు? వినపళ్ళేదు" అంటాడు. వాళ్ళ సొంత మాటలతో, ఇంట్లో మాట్లాడే మాటలతో చెప్పేదాకా వినపడదు. సొంత మాటలతో చెప్పాక, "ఇప్పుడు పుస్తకంలో ఏం రాసినాడో చూడండి, మీ మాటకు దగ్గరగా ఉండాదా?" అంటాడు. పిల్లలకు పుస్తకం తమ వెనక వస్తున్నట్టు ఉండేది.

అన్నిటికంటే నేను మరిచిపోలేనిది ఆగస్టులో జరిగింది. మా పిల్ల ఆలోచన బాగానే చెబుతోంది గానీ, లెక్కకొచ్చేసరికి అన్నీ తప్పు. ఆయన ఒక సాయంత్రం ఆమెను వెనక ఆపుకున్నాడు. పదో తరగతి పుస్తకం నుంచి ఒక చిన్న ప్రశ్న. తర్వాత తొమ్మిది నుంచి. తర్వాత ఎనిమిది. అలా మెట్లు దిగినట్టు కిందికి దిగుతూ ఆరో తరగతి దగ్గర ఆగాడు. ఒక థర్మామీటరు చేతికిచ్చి, "ఇరవైకీ ముప్పైకీ మధ్య ఈ చిన్న గీత ఎంత?" అన్నాడు.

ఆమె చూసి, "ఇరవై ఒకటి సార్" అంది. అక్కడ ఉన్నవి ఐదు గళ్ళు. గడికి రెండు. ఆమె ఏ కొలత చూసినా చిన్న గీతకు ఒకటి చొప్పున లెక్కపెట్టుకుంటోంది. ఆరో తరగతిలో ఆ పాఠాలు చెప్పిన రోజుల్లో చికున్ గున్యాతో నెలన్నర మంచం మీద ఉంది. ఆ తర్వాత నాలుగేళ్ళలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. తనకు బుర్ర లేదని ఆమె తీర్మానించుకుంది.

"మాది ధర్మవరం అవ్వా, మగ్గం ఇల్లు" అన్నాడు సారు నాతో. "మా నాయన నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టి మొదట నేర్పించింది నెయ్యడం కాదు. తెగిన పోగు యాడ తెగిందో వెతికి అతకడం. తెగిన చోటు దొరకకుండా పైపైన ఎంత నేసినా చీరలో ఆ గీత కనపడతానే ఉంటాది."

నాలుగు రోజులు ఆయన మా పిల్లకు సైన్సు చెప్పలేదు. గీతలు చదివించాడు. సూది మందు సిరంజి, దర్జీ టేపు, కిరాణా అంగడి త్రాసు, ఆటో స్పీడు ముల్లు. నేను మా ఊరి పాల కేంద్రంలో ఇరవై ఆరేళ్ళు పాలు కొలిచి రాసిన మనిషిని. పాలలో నీళ్ళు కలిసిందీ లేనిదీ చూసే గాజు బుడ్డి ఒకటి ఇంకా నా పెట్టెలో ఉంది. ఐదో రోజు అది తీసి మా బర్రె పాలలో వదిలి, "చదువు" అన్నాను. చదివింది. నేను చూశాను. ఇద్దరికీ ఒకటే అంకె వచ్చింది. ఆమెకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. నాకు ముక్కు కారింది, జలుబని చెప్పాను.

అక్టోబరులో ఆయన పిల్లలకు ఒక పని పెట్టాడు. నాకు తెలియనిది, మీకు బాగా తెలిసినది ఒకటి చెప్పండి అన్నాడు. ఒకడు బోరు వేయడం గురించి చెప్పాడు. ఒకమ్మాయి గొర్రెలకు వచ్చే జబ్బుల గురించి చెప్పింది. మా పిల్ల లేచి, "మా ఇంట్లో పట్టు పురుగులు సాకుతాము సార్" అంది.

సారు మొహం వెలిగింది. "మా ఇంట్లో తాతల కాలం నుంచి పట్టే. పట్టు మీదే తిన్నాము, పట్టు మీదే చదువుకున్నాము. పురుగును మాత్రం నేను ఒక్కసారి గూడా చూళ్ళేదు."

"పురుగును చూడకుండానే చీర నేస్తారా సార్?"

"గింజ యాడ పండిందో తెలిసే రొట్టె తింటాండావా?" అన్నాడాయన. క్లాసంతా ఒకటే నవ్వు. నవ్వులోనే, "నేను వచ్చి చూడొచ్చా?" అన్నాడు మా పిల్లతో. ఆమె నావైపు చూసింది.

పురుగులు సాకే ఇళ్ళలో బయటి మనిషిని షెడ్డులోకి రానివ్వరు. రోగం తెస్తారన్నది ఒక భయం, దిష్టి అన్నది ఇంకొకటి. మేము కూడా సున్నపు నీళ్ళలో కాళ్ళు తడిపి, షెడ్డుకే ఉంచిన చెప్పులు వేసుకుని లోపలికి వెళతాము. ఆ మాట చెబితే సారు నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన సంబరపడ్డాడు. "అయితే ఇంకా మంచిది. నేను చూడలేకపోతేనే ఆమె బాగా చూస్తాది."

నవంబరు మొదటి ఆదివారం పొద్దున పదిన్నరకు వచ్చాడు. రెండు వందల గుడ్ల ముద్దల పంట, ముద్దకు నాలుగు వందల గుడ్ల లెక్కన సుమారు ఎనభై వేల పురుగులు లోపల ఉన్నాయి. మూడో జ్వరం దాటి ఉన్నాయి. పురుగు పొర విడిచే సమయాన్ని మేము జ్వరం అంటాము. నాలుగు జ్వరాలు దాటాక వారానికి గూడు కట్టుకుంటుంది. షెడ్డు పక్కపక్కన రెండు గదులు. ముందొకటి కట్టి, చేతిలో కాస్త డబ్బు ఆడినప్పుడు అదే కొలతతో రెండోది కలిపాము. మధ్యలో గోడ, తలుపు.

మనవరాలు తూర్పు గది కిటికీలో లోపల నిలబడింది. సారు బయట ఎండలో, తల మీద చేతిగుడ్డ వేసుకుని నిలబడ్డాడు. కిటికీకి దోమల వల ఉంది, ఆయనకు ఏమీ కనబడదు. అలా గంటకు పైగా పాఠం జరిగింది.

"ఎంత పొడుగుండాది?"

"నా చిటికెన వేలిలో సగం సార్."

"అన్నీనా?"

"...చూడాల సార్." వెళ్ళి చూసి వచ్చి, "అన్నీ కాదు. గోడ పక్క అరలో ఉండేవి చిన్నవి."

"ఎందుకు?"

"తెల్దు సార్."

"తెలియదని తెలిసింది కదా, అది రాసుకో. వేడి ఎంత ఉండాది లోపల?"

షెడ్డు గోడకు ఒక చెక్క మీద రెండు థర్మామీటర్లు ఉన్నాయి. వాటిలో ఒకదాని కింద గుడ్డ వత్తి, చిన్న గిన్నె ఉంటాయి. గిన్నెలో నీళ్ళు పోస్తే వత్తి తడిసి, ఆ తడి ఆరేకొద్దీ ఆ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది. గాలి పొడిగా ఉంటే రెండిటికీ తేడా ఎక్కువ, తేమగా ఉంటే తేడా తక్కువ. షెడ్డు కట్టినప్పుడు బిగించినది. మాలో ఎవరమూ దాన్ని చదివిన పాపాన పోలేదు.

"రెండూ ఇరవై ఏడే సార్" అని అరిచింది మనవరాలు.

"బయట ఇంత ఎండ కాస్తాంటే లోపల గాలి అంత తేమగా ఉండాదా? నీకెట్ల తెలుసు?"

గిన్నె కదిపిన చప్పుడు అయింది. తర్వాత లోపల నుంచి నవ్వు. "సార్, గిన్నెలో నీళ్ళే లేవు! వత్తి ఎండిపోయింది!"

నా కొడుకు ఆకు మోపు దించుతూ విన్నాడు. "ఐదేండ్లుగా గోడకు సింగారానికి పెట్టుకున్నాము లే" అన్నాడు. ఆ రోజు వాడు నవ్వింది అప్పుడే. సారు వెళ్ళేటప్పుడు కాఫీ తాగమని పట్టుబట్టింది కూడా వాడే.

తర్వాతి బుధవారం ముసురు పట్టింది. సముద్రంలో వాయుగుండం అన్నారు. పురుగులు నాలుగో జ్వరంలోంచి లేచాయి. ఆ సమయంలో చలిగాలి తగలకూడదని మా పక్క అందరూ కిటికీలకు గోనె సంచులు కట్టి, లోపల బొగ్గుల కుంపటి పెడతారు. నా కొడుకూ అదే చేశాడు. వాడు చెయ్యడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట చలిలో ఒక పంట మందగించి సగానికి వచ్చింది. ఆ దెబ్బ వాడి మనసులో ఉంది.

గురువారం పొద్దున మనవరాలు గిన్నెలో నీళ్ళు పోసి థర్మామీటర్లు చదివింది. రెండిటికీ తేడా లేదు. చెక్కను ఊడదీసి బయట వసారాలో తగిలించి మళ్ళీ చదివింది. ఒకటిన్నర తేడా ఉంది.

"నాయనా, వాన పడతాండే బయటికంటే లోపలే తేమ ఎక్కువ ఉండాది. సంచులు తీసెయ్యాల."

"తీస్తే గాలి తగిలి పురుగు సచ్చిపోతాది."

"గాలి తగలకనే చస్తాది నాయనా. ఆకు తడి, పురుగుల తడి, అంతా లోపలే నిలబడింది."

"మీ సారు చెప్పినాడా? ఆయప్ప పురుగునే చూళ్ళేదు, కిటికీ బయట నిలబడి పోయినాడు!"

మనవరాలు సారుకు ఫోను చేసింది. నేను స్పీకరు పెట్టమన్నాను. ఆయన తీస్తే మంచిదనో తీయవద్దనో చెబుతాడని కాచుకున్నాం ముగ్గురమూ.

"నేను చూళ్ళేదు. చూసింది నువ్వు. కొలత నీ దగ్గర ఉండాది" అన్నాడు. కొంచెం ఆగి, "పంట మాత్రం మీ నాయనది. మొత్తం ఒకేసారి మార్చమని అడగొద్దు. రెండు గదులు ఉండాయన్నావు కదా" అన్నాడు.

ఫోను పెట్టేశాక పిల్ల వాళ్ళ నాయన ముందు నిలబడింది. "తూర్పు గది నాకియ్యి నాయనా. పడమటి గది నీ ఇష్టం."

"పురుగులతో ఆటలా?" అన్నాడు. నావైపు చూశాడు. నేను కాదంటానని అనుకున్నాడేమో. షెడ్డు, తోట నా పేరు మీద ఉన్నాయి. "ఇయ్యి" అన్నాను.

వాడు కుంపటి పక్క నుంచి లేచాడు. "సరే. తూర్పు గది పోతే పరీక్ష దాకా గూడా ఆగేది లేదు. సోమవారం గార్మెంట్సు బస్సు ఎక్కాల. ఒప్పుకుంటావా మే?"

"ఒప్పుకుంటా" అంది.

తూర్పు గదిలో గాలి వాలుకు ఉన్న రెండు కిటికీల సంచులు విప్పింది. నేను, "ఆకు కూడా తుడిచి ఆరబెట్టి వెయ్యి, ఇంకా మంచిది కదా" అన్నాను.

"వద్దవ్వా. అప్పుడు కిటికీ వల్లనా ఆకు వల్లనా తెలీదు. రెండు గదులకూ ఒకటే ఆకు, ఒకటే సున్నం, ఒకటే కుంపటి. కిటికీ ఒక్కటే తేడా."

బడి పోతుందని తెలిసి కూడా ఆ పిల్ల సులువు దారి పట్టలేదు. సారు నేర్పినవన్నీ అటుంచి, ఆ ఒక్క మాట నేర్పినందుకు నేను ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మూడు రోజులు ఏమీ కాలేదు. తూర్పు గది పురుగులు చలికి ఆకు నిదానంగా తిన్నాయి. పడమటి గదివి చకచకా తిన్నాయి. "చూసినావా?" అని నా కొడుకు దారిన పోతూ అనేవాడు. పిల్ల అన్నం సరిగా తినేది కాదు. ఆదివారం సాయంత్రం కోడలు ఆమె జడ దువ్వుతూ, "రేపు బస్సెక్కాల్సొస్తే నీలం డ్రెస్సు ఉతికి పెట్టనా" అని అడిగింది. ఎగతాళికి కాదు, భయానికి.

సోమవారం పొద్దున ఏడుకు నా కొడుకు పడమటి గదిలోకి ఆకు తీసుకుని వెళ్ళాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. నేను వెళ్ళి చూశాను. అరల్లో ఆకు కొమ్మల మీద పురుగులు కదలకుండా పడి ఉన్నాయి. అంతకుముందు రోజు ఆకు కింద మా కంట పడకుండా పోయినవి అప్పటికే తెల్లగా, సుద్దముక్కల్లాగా గట్టిపడుతున్నాయి. తేమ పట్టిన గదుల్లో వచ్చే బూజు రోగం అది. వాడు ఒకదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాడు. విరిస్తే టక్కుమంది.

"యాడ చూసినా ఇవే మా" అన్నాడు.

మధ్య తలుపు తెరవవద్దని చెప్పి, బయట నుంచి తిరిగి తూర్పు గదికి వెళ్ళాడు. అరలన్నీ వంగి వంగి చూశాడు. అక్కడా కొన్ని పోయాయి. కొన్నే. మిగిలినవి తల ఎత్తి ఆకు కోసం వెతుకుతున్నాయి. మనవరాలు గుమ్మం బయట సున్నపు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉంది, లోపలికి రాలేక.

వాడు ఆమెను దాటుకుని బయటికి వచ్చాడు. పడమటి గదికి వెళ్ళి సంచులన్నీ తనే పీకి పారేశాడు. తర్వాత వచ్చి, "బడికి టైము కాలేదా? ఇంకా ఈడే ఉండావేమి?" అన్నాడు.

ఆ సాయంత్రం ట్యూషనులో మా పిల్ల ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పింది. ముగ్గురు నలుగురు పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు మాత్రం శ్రద్ధగా విని, "కిటికీ వల్లనేనని నీకెట్ల తెలుసు?" అన్నాడు. "పడమటి గదికి పొద్దుటి వెలుగు తగలదు కదా. గది తేడా ఎందుకు కాకూడదు?"

పిల్ల మొహం మాడిపోయింది. నాకూ ఒక్క క్షణం కోపం వచ్చింది. ఆ పూట ఒక మెచ్చుకోలు మాట అంటే ఆయన సొమ్మేం పోతుంది? కానీ బస్సెక్కేలోపే ఆ పిల్ల, "సారు చెప్పింది నిజమే అవ్వా. వచ్చే పంటకు గదులు మార్చి చూడాల" అంది. మెచ్చుకుని ఉంటే అక్కడితో ఆగిపోయేది. ఆ మాట ఇంట్లో చెబితే నా కొడుకు రెండు చేతులూ జోడించాడు.

"ఇంకో సగం పంట నా వల్ల కాదు తల్లీ! రెండు గదులకూ కిటికీలు తీసేద్దాము, ఇంక వదిలెయ్యి."

గూళ్ళు ఏరి తీశాక హిందూపురం మార్కెట్టుకు మనవరాలిని కూడా తీసుకుని వెళ్ళాడు. గూళ్ళు కలపనివ్వలేదు. రెండు గదులవి రెండు కుప్పలుగా పోయించాడు. పక్క రైతు, "ఏమప్పా, ఒకే పంట రెండు లాట్లు పెట్టినావు?" అని అడిగితే, చేతితో చూపించి, "ఇది నాది. ఇది మా పాపది" అన్నాడట. ఈ సంగతి నాకు చెప్పింది మనవరాలు కాదు. వాడే ఇంటికి వచ్చి రెండుసార్లు చెప్పాడు.

గార్మెంట్సు బస్సు మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అర్ధ సంవత్సరం పరీక్షలో సైన్సుకు నలభై ఏడు వచ్చాయి. పబ్లిక్ పరీక్షలో డెబ్బై ఒకటి. ఇప్పుడు పాలిటెక్నిక్ మొదటి ఏడు చదువుతోంది. సారు పెనుకొండలోనే, ఆ గదిలోనే ఉన్నాడు. తరువాతి పంటలో నేను ఒక చిన్న అట్టపెట్టెలో బతికున్న పురుగులు ఆరు, వాటికి ఆకు పెట్టి ఆయనకు ఇచ్చాను. మా ఇళ్ళలో అలా ఇవ్వరు. ఆయన వాటిని ధర్మవరం తీసుకెళ్ళి వాళ్ళమ్మకు చూపించాడు. చిన్నప్పటి నుంచి పట్టు కండెలు చుట్టిన ఆ తల్లి మొదట భయపడి, తర్వాత ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని సాయంత్రం దాకా దించలేదట.

ఇంత మేలుకు మా ఇంట్లో అయిన నష్టం ఇది. పడమటి గదిలో రావలసిన అరవై ఐదు కిలోల గూళ్ళకు వచ్చింది ఇరవై మూడు. పోయింది నలభై రెండు. తూర్పు గదిలో పోయింది నాలుగు. రోగం పట్టిందని కాల్చేసిన చంద్రికలు, అంటే పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు చాపలు, తొమ్మిది. గోనె సంచులు పద్నాలుగు. బస్సులో మరిచిపోయిన నా గొడుగు ఒకటి.